పింగాణీ బొమ్మ అడుగున కత్తులు కనిపిస్తే చాలదు

ప్రశ్న: మా అత్తగారి నుంచి నాకు ఒక జర్మన్ పింగాణీ నర్తకి బొమ్మ వచ్చింది. లేసు గౌను, చేతిలో విసనకర్ర, రెండు వేళ్లు విరిగి ఉన్నాయి. అడుగున నీలిరంగులో ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టిన రెండు కత్తులు, వాటి పక్కన ‘జర్మనీ’ అన్న ఆంగ్ల పదం ఉన్నాయి. ఇది జర్మనీలోని పేరున్న మైసెన్ పింగాణీ కార్ఖానాలో 18వ శతాబ్దంలో చేసిన బొమ్మేనా? దీని విలువ ఎలా తెలుసుకోవాలి?

జవాబు: అమ్మా, 18వ శతాబ్దానిది మాత్రం కాదు. ఆ విషయం మీ బొమ్మ మీదున్న ‘జర్మనీ’ అన్న మాటే చెబుతోంది. దిగుమతి సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం 1891లో అమలులోకి వచ్చింది. ఎగుమతి బొమ్మల మీద దేశం పేరు వేయడం ఆ తరువాతే మామూలైంది.

ఇక కత్తుల సంగతి. 1710లో స్థాపితమైన మైసెన్ కార్ఖానా 1720లలోనే ఈ గుర్తును వాడడం మొదలుపెట్టింది; అప్పటి నుంచే దాన్ని అనుకరించేవారూ పుట్టుకొచ్చారు. అందుకే నేను బొమ్మను చేతికి తీసుకున్నప్పుడు ముద్రను చివర చూస్తాను. ముందు చూడవలసినది పనితనం: వేళ్లు విడివిడిగా తీర్చి ఉన్నాయా, కనుబొమలు సన్నని కుంచెతో గీసినవా, ముఖంలో ప్రాణం ఉందా? 1731లో మైసెన్‌లో చేరిన శిల్పి కెండ్లర్ మలచిన బొమ్మల్లో ఆ కదలిక దూరం నుంచే తెలుస్తుంది. నిజమైన గుర్తు గాజుపూత కింద ఉంటుంది కనుక గోరుతో తడిమితే తగలదు. పైన వేసినదైతే అనుమానించాలి. అయితే అనుకరించినవారు కూడా పూత కిందే వేయగలరు కనుక ఇది ఒక్కటే రుజువు కాదు. ముద్ర మీదుగా అడ్డగీతలు కోసి ఉంటే, సాధారణంగా కార్ఖానాయే ఆ సరుకును రెండో రకంగా పక్కన పెట్టిందని అర్థం.

లేసు గౌనును బట్టి చూస్తే, జర్మనీలోనే డ్రెస్డెన్ నగర పరిసరాల్లోని లేదా తురింగియా ప్రాంతంలోని ఏదో ఒక పని శాల గుర్తుకు వస్తుంది. అసలు లేసును పల్చటి పింగాణీ మట్టిలో ముంచి, బొమ్మకు కప్పి, బట్టీలో కాలిస్తే నూలు మండిపోయి మట్టి అల్లిక మాత్రం మిగులుతుంది. మైసెన్ కూడా ఈ పని చేసింది గాని, విరివిగా చేసినవారు ఈ ప్రాంతాలవారే. ‘డ్రెస్డెన్’ అనేది ఒకే కార్ఖానా పేరు కాదు. కిరీటంతో కూడిన ‘డ్రెస్డెన్’ ముద్రను 1883లో నలుగురు అలంకరణకారులు కలిసి నమోదు చేయించుకున్నారు.

విలువకు సంబంధించి, అమ్మజూపే ధరలను పక్కన పెట్టి, వేలం సంస్థల పాత ఫలితాల్లో అదే నమూనా, అదే ఎత్తు, అదే స్థితిలో ఉన్న బొమ్మ నిజంగా ఎంతకు పోయిందో వెతకండి. విరిగిన వేళ్లు ధరను బాగా తగ్గిస్తాయి. మీరుగా జిగురుతో అతికించకండి. అతికినవీ రంగు దిద్దినవీ అతినీలలోహిత దీపం కింద తరచుగా వేరుగా మెరిసి పట్టుబడతాయి.

ప్రశ్న: మా దగ్గర పన్నెండు హుమ్మెల్ పిల్లల బొమ్మలు ఉన్నాయి. పెట్టుబడిగా దాచవచ్చా?

జవాబు: ఇష్టంగా దాచుకోండి, పెట్టుబడిగా వద్దు. సన్యాసిని మరియా ఇన్నోసెంటియా హుమ్మెల్ చిత్రాల ఆధారంగా గోబెల్ సంస్థ 1935 నుంచి వీటిని పెద్ద సంఖ్యలో తయారుచేసింది; సేకరించిన తరం వృద్ధాప్యంలో అమ్ముకోవడం వల్ల సరుకు పెరిగి, ధర పడిపోయింది. అడుగున గోబెల్ వేసిన కిరీటం ముద్ర ఉన్నవి తొలినాటివి, తేనెటీగ ముద్ర 1950 నాటి నుంచి వచ్చినది. మీ పన్నెండింటిలో కిరీటం ఉన్నవి ఏమైనా కనిపిస్తే వాటిని మాత్రం విడిగా చూపించండి.