తొమ్మిదో తరగతి దాటితే ఈ అవకాశం రాదు పాపా

పాపా,

మొన్న మీ నాన్న ఫోన్ చేసి, "యువికా అంట అన్నా, రెండు వారాలు ఎక్కడికో పంపాలంట, ఆడపిల్ల, ఎందుకులే" అన్నాడు. వాడితో నేను మాట్లాడతాను, అది నాకు వదిలెయ్. నువ్వు అప్లికేషన్ మాత్రం ఆపొద్దు.

ఇస్రో వాళ్లు బడిపిల్లలకు అంతరిక్ష విజ్ఞానం నేర్పడానికి 2019లో మొదలుపెట్టిన ఈ యువికా శిక్షణ తొమ్మిదో తరగతి పిల్లలకే, పదికొచ్చాక తీసుకోరు. రాకెట్ లేచిన రోజు నెల్లూరులో మా డాబా మీద నిలబడి ఆ పొగ చెదిరిపోయేదాకా కిందికి దిగేదానివి కాదు కదా! ఇస్రో కేంద్రాల్లో నీకు శ్రీహరికోటే పడొచ్చు, డెహ్రాడూన్ పడొచ్చు, ఎక్కడైనా సరే వెళ్లు. తిండి, బస వాళ్లదే, రానూపోనూ చార్జీలూ ఇస్తారు. కాకపోతే ముందు మనం పెట్టుకోవాలి, తర్వాత టికెట్లు చూపిస్తే ఇస్తారు కాబట్టి టికెట్లు నోట్‌బుక్కులో దాచిపెట్టు. ముందు పెట్టాల్సిన డబ్బు నేనిస్తాను.

ఎంపికలో సగం ఎనిమిదో తరగతి మార్కులే, అవెలాగూ అయిపోయాయి. మిగతాది ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్, ఆటలు, స్కౌట్స్ లాంటివి, పైగా పంచాయతీ బళ్లలో చదివే పిల్లలకు 15 శాతం వెయిటేజీ. మీ గురుకులం ఉండేది పల్లెలోనే కదా. జిల్లా సైన్స్ ఫెయిర్ సర్టిఫికెట్ ట్రంకు పెట్టెలో బట్టల అడుగున మడతపడి ఉంటుంది, ఈ రాత్రే తీసి ఫైల్లో పెట్టు.

ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. నేను గురుకులంలో పనిచేసేటప్పుడు ఒక పిల్ల విదేశం వెళ్లే ప్రోగ్రాంకి సెలెక్ట్ అయింది, ఖర్చంతా వాళ్లదే. తీరా చూస్తే బడి రిజిస్టర్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది, జనన ధ్రువపత్రంలో అసలు పేరే లేదు. అవి సరిచేయించి పాస్‌పోర్ట్ తెచ్చేలోపు గడువు దాటిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు, డార్మిటరీ మెట్ల మీద కూర్చుని ఫారం నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. ముందే చూసుకోవాల్సింది నేను. ఇప్పటికీ ఆ మడతలు కళ్లముందే ఉన్నాయి. అందుకే రేపు నీకు అలాంటి అవకాశం వస్తే చేజారకుండా నీ పాస్‌పోర్ట్ ఇప్పుడే చేయిద్దాం, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు మామూలు ఫీజు వెయ్యి రూపాయలు, అమ్మానాన్నలిద్దరి సంతకాలు కావాలి.

యువికాకి వెళ్లాక భాష గురించి టెన్షన్ పడకు. మన పిల్లలకు తెలివి తక్కువ కాదు, చెయ్యెత్తడానికి బిడియం, అంతే. మొదటిరోజే ఒక ప్రశ్న అడిగెయ్, తప్పుల ఇంగ్లీషైనా ఫరవాలేదు, ఆ తర్వాత నోరు దానంతటదే తిరుగుతుంది. పాకాల అనే పల్లె నుంచి గురుకులానికొచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు పదమూడేళ్లది, నీకంటే చిన్నది.

ఈసారి నాన్న నిన్ను చూడ్డానికి వచ్చేటప్పుడు ఆధార్, జనన ధ్రువపత్రం తెమ్మను. బడి రిజిస్టర్‌తో కలిపి మూడింట్లో పేరు అక్షరం అక్షరం సరిచూసి, తేడా ఉంటే వార్డెన్ మేడమ్ ఫోన్ నుంచి నాకు చెప్పు.

మీ పెదనాన్న