వెండి కణమా, వెండి రేణువా?

సందేహం: 'మొక్కల కణకవచాల నుంచి తీసిన నానోసెల్యులోజ్‌లో వెండి కణాలను పొదిగితే ఆ కణాలు బాక్టీరియా కణాలను చంపుతాయి' అని మా అబ్బాయి కాలేజీ ప్రాజెక్టులో రాశాడు. ఇన్ని కణాలేమిటి? 'వెండి అణువులు' అంటే సరిపోదా? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు.

సమాధానం: వాక్యంలో వ్యాకరణ దోషం లేదు గాని, 'ఆ కణాలు' అన్నచోట చదివేవారు ఒక్క క్షణం ఆగక తప్పదు. గింజ, నలుసు, తునక అనే అర్థాలున్న 'కణం' అనే ఈ సంస్కృత పదాన్ని భౌతికశాస్త్రం ఆల్ఫా కణం వంటి వాటికి తీసుకుంది. జీవశాస్త్రం ప్రాణికి మూలమైన నిర్మాణానికి తీసుకుంది. ఎవరి పుస్తకంలో వారికి ఇబ్బంది లేదు, రెండు శాస్త్రాలూ ఒకే వాక్యంలో కలిసినప్పుడే పేచీ.

'అణువు' మాత్రం వద్దు. శాస్త్ర పరిభాషలో అది పరమాణువుల చిన్న కూటమి. పది నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు) వ్యాసమున్న వెండి నలుసులోనైతే దాదాపు 30 వేల పరమాణువులుంటాయి. 'రేణువు' అనండి. ఇసుక రేణువు, ధూళి రేణువు మనకు అలవాటైన మాటలే. (పుప్పొడి రేణువుకు ప్రాణముంది కదా అని ఎవరైనా అడగవచ్చు, అక్కడ అయోమయం లేదు కనుక దాన్ని అలాగే ఉండనిద్దాం.)

'కణకవచం' (జీవకణం చుట్టూ ఉండే గోడ) సరైన పదమే, మార్చనక్కరలేదు. మీ ఊరి మార్కెట్టుకు వచ్చే పత్తినే చూడండి: ఒక్కొక్క పోగూ విత్తనం పైపొర నుంచి పొడవుగా సాగిన ఒకే ఒక జీవకణం, దాని గోడ దాదాపు అంతా సెల్యులోజే. ఆ సెల్యులోజ్‌ను ఆమ్లంతోనో యంత్రాలతోనో నానోమీటర్ల మందానికి చీలిస్తే వచ్చేది నానోసెల్యులోజ్. ఇక బాక్టీరియా ఏకకణ జీవి కాబట్టి 'బాక్టీరియా కణాలు' అనకుండా 'బాక్టీరియా' అంటే చాలు.

'పొదిగితే' అన్న క్రియ నాకు నచ్చింది. నానోసెల్యులోజ్ తనంతట తాను బాక్టీరియాను చంపదు. తనలోని హైడ్రాక్సిల్ సమూహాలతో (ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల జంటలతో) రేణువులను పట్టి ఉంచి, అవి ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టకుండా చూస్తుంది. రేణువుల నుంచి వెలువడే వెండి అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) బాక్టీరియా పొరను దెబ్బతీస్తాయి, గంధకమున్న ప్రోటీన్లకు అంటుకుని వాటి పని చెడగొడతాయి. మోతాదు తక్కువైతే బాక్టీరియా చావదు, పెరుగుదల మాత్రమే ఆగుతుంది. అందుకే 'చంపుతాయి' కన్నా 'అరికడతాయి' అనడం నిజానికి దగ్గర.

ఇలా రాయమనండి: 'మొక్కల కణకవచాల నుంచి తీసిన నానోసెల్యులోజ్‌లో వెండి నానోరేణువులను పొదిగితే, ఆ రేణువులు బాక్టీరియాను అరికడతాయి.'