యోసెమిటీలో మూడు రోజుల బ్యాక్‌ప్యాకింగ్: కొత్తగా వచ్చినవాళ్ల సందేహాలకు జవాబు

"జూలై 4 సెలవులకు యోసెమిటీలో మూడు రోజులు బ్యాక్‌ప్యాకింగ్ చేద్దామనుకుంటున్నాం, మే నెలలో ప్లాన్ మొదలుపెడితే సరిపోతుందా?" కొత్తగా కాలిఫోర్నియా వచ్చిన పిల్లలు దాదాపు ఏటా ఈ ప్రశ్న అడుగుతారు. యోసెమిటీ అక్కడి నేషనల్ పార్కు. బ్యాక్‌ప్యాకింగ్ అంటే గుడారం, తిండి వీపున మోసుకుంటూ నడిచి కొండల్లో రాత్రులు గడపడం. కచ్చితంగా ఆ తేదీలే కావాలంటే కొంచెం ఆలస్యమైనట్టే, అయినా ఆశ వదులుకోనక్కర్లేదు. ముందు పర్మిట్ సంగతి తెలుసుకుంటే మిగతా ప్లానంతా దాని వెనకే నడుస్తుంది.

పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే నడకలకు, హాఫ్ డోమ్ అనే శిఖరం ఎక్కడానికి తప్ప, పర్మిట్ అక్కర్లేదు. కొండల్లో ఒక్క రాత్రి పడుకోవాలన్నా వైల్డర్‌నెస్ పర్మిట్ ఉండి తీరాలి. ఒక్కో ట్రెయిల్‌హెడ్ (కాలిబాట మొదలయ్యే చోటు) నుంచి రోజుకు ఇంతమందే అని కోటా ఉంటుంది. అందులో 60 శాతం 24 వారాల ముందే ప్రభుత్వ సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో లాటరీ తీసి ఇస్తారు. మిగిలిన 40 శాతం బయల్దేరే తేదీకి ఏడు రోజుల ముందు, ఉదయం 7 గంటలకు అదే సైట్‌లో పెడతారు. మే నెలలో మేలుకున్నవాళ్లకు చాలావరకు ఈ 40 శాతమే దిక్కు. పేరున్న ట్రెయిల్‌హెడ్లు నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి నాలుగైదు ప్రత్యామ్నాయాలు ముందే రాసిపెట్టుకోండి. శుక్రవారం బదులు మంగళవారం బయల్దేరగలిగితే అవకాశం బాగా పెరుగుతుంది. లాంగ్ వీకెండ్‌ని నమ్ముకోవడం కన్నా రెండు రోజులు సెలవు పెట్టడం మేలని నా అభిప్రాయం.

గ్లేసియర్, మౌంట్ రెయినియర్ లాంటి పార్కుల్లో ఏ రాత్రి ఏ క్యాంపులో ఉంటారో ముందే బుక్ చేసుకోవాలి. యోసెమిటీలో కోటా మొదటి రోజు బయల్దేరే చోటుకే. ఆ తర్వాత నియమాలు పాటిస్తూ మీకు నచ్చిన చోట ఆగొచ్చు. కొత్తవాళ్లకు ఇది పెద్ద వరం. అనుకున్నంత దూరం నడవలేకపోయినా మునిగిపోయేదేమీ ఉండదు.

నేను అందరికీ గట్టిగా చెప్పేది కూడా ఈ దూరం గురించే. జిమ్‌లో రోజూ పరిగెత్తేవాళ్లు కూడా మొదటి ప్లాన్‌లో రోజుకు 12, 14 మైళ్లు రాసుకుంటారు. వీపు మీద 30 పౌండ్ల బరువుతో, ఎనిమిది వేల అడుగుల ఎత్తులో, గంటకు రెండు మైళ్లు నడిస్తే బాగా నడిచినట్టే. పైకి ఎక్కే ప్రతి వెయ్యి అడుగులకూ ఇంకో అరగంట కలుపుకోండి. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు ఎంత నడవగలరో అంతే మీ రోజు. రోజుకు ఆరేడు మైళ్లు పెట్టుకోండి. మధ్యాహ్నం మూడింటికల్లా గుడారం వేసుకుంటే కొండను తీరిగ్గా చూసే సమయం దొరుకుతుంది. అసలు మనం వెళ్లేది అందుకే కదా.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను సూచించే దారి సన్‌రైజ్ లేక్స్ ట్రెయిల్‌హెడ్ నుంచి కింద యోసెమిటీ వ్యాలీకి దిగేది. టెనాయా లేక్ దగ్గర మొదలై, మొదటి రాత్రి సన్‌రైజ్ లేక్స్ దగ్గర, రెండో రోజు క్లౌడ్స్ రెస్ట్ శిఖరం మీదుగా లిటిల్ యోసెమిటీ వ్యాలీకి, మూడో రోజు వ్యాలీలోని హ్యాపీ ఐల్స్‌కి. మొత్తం దాదాపు 20 మైళ్లు. రెండో రోజు మాత్రం పెద్దది, తెల్లవారగానే కదలాలి. క్లౌడ్స్ రెస్ట్ ఎత్తు 9,900 అడుగుల పైమాటే. శిఖరం దగ్గర దారి సన్నటి రాతి గట్టు, అక్కడ నీళ్లు దొరకవు. కింద సెలయేరు కనపడగానే సీసాలన్నీ నింపుకోండి. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పూట ఉరుములు, పిడుగులు మామూలే. అందుకని పన్నెండు లోపే శిఖరం దిగిపోవాలి. మబ్బులు కమ్ముకుంటే శిఖరం సంగతి మర్చిపోయి వెనక్కి తిరగండి. మొదలయ్యే చోటు, దిగే చోటు వేరు కాబట్టి రెండు కార్లుంటే ఒకటి ముందే వ్యాలీలో పెట్టి రండి. ఈ దారికి, టెనాయా లేక్ మీదుగా పోయే టయోగా రోడ్డు తెరిచి ఉండాలి. మంచును బట్టి అది మే చివర్లో తెరుచుకోవచ్చు, జూలై కూడా రావచ్చు.

ఎలుగుబంట్ల గురించి అందరికీ టెన్షనే. యోసెమిటీలో ఉన్నవి నల్ల ఎలుగులు మాత్రమే. కాలిఫోర్నియా జెండా మీద కనిపించే గ్రిజ్లీ ఆ రాష్ట్రంలో అంతరించి వందేళ్లవుతోంది. నల్ల ఎలుగుకు మీతో పనిలేదు, మీ తిండితోనే పని. అందుకే ఇక్కడ బేర్ క్యానిస్టర్, అంటే ఎలుగు తెరవలేని గట్టి డబ్బా, తప్పనిసరి. తిండిని చెట్టుకు కట్టి వేలాడదీయడం కుదరదు. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, మసాలా పొడి, చెత్త కవర్ సహా వాసన వచ్చేదేదైనా రాత్రి ఆ డబ్బాలోకే వెళ్లాలి. క్యానిస్టర్ పర్మిట్ ఇచ్చే చోటే అద్దెకు దొరుకుతుంది. ఎల్లోస్టోన్ పార్కుకు వెళ్లొచ్చిన స్నేహితులు బేర్ స్ప్రే (ఎలుగు మీద కొట్టే ఘాటైన మిరప స్ప్రే) కొనుక్కోమంటారు. యోసెమిటీలో దానికి అనుమతి లేదు, తీసుకెళ్లకండి. ట్రెయిల్‌హెడ్ దగ్గర ఆపే కారులో కూడా తినేదేదీ వదలకూడదు. అక్కడుండే ఇనుప పెట్టెలో పెట్టండి.

నాకు ఎలుగుల కన్నా నీళ్లంటేనే ఎక్కువ భయం. ప్రతి వేసవిలో ఎక్కడో ఒకచోట జలపాతం దగ్గర మన పిల్లలెవరో పోయారన్న వార్త చదువుతూనే ఉన్నాం. మంచు కరిగే జూన్‌లో మోకాలి లోతు ప్రవాహం కూడా మనిషిని పడేస్తుంది. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే ఈత వచ్చినవాళ్లకూ చేతులు కాళ్లు ఆడవు. మూడో రోజు మీరు దిగే దారిలో వెర్నల్ ఫాల్ పైన ఎమరాల్డ్ పూల్ అనే మడుగు వస్తుంది. చూడ్డానికి ప్రశాంతంగా, అందంగా ఉంటుంది. అక్కడ ఈత నిషేధం. ఫోటో కోసం కూడా రెయిలింగ్ దాటకండి, తడి రాయి మీద కాలు పెట్టకండి. గుంపులో ఒక్కరు దిగబోతున్నా మిగతావాళ్లు మొహమాటపడకుండా ఆపండి.

సామాన్ల విషయంలో ఎక్కువ చెప్పను. గుడారం, స్లీపింగ్ బ్యాగ్, ప్యాక్ మొదటిసారి అద్దెకు తెచ్చుకోండి, బూట్లు మాత్రం కొనుక్కుని రెండు వారాల ముందు నుంచే తొడగండి. కాటన్ బట్టలు, జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. ఆగస్టులో కూడా ఆ ఎత్తున రాత్రి చలి గడ్డకట్టే దాకా పోవచ్చు. సెలయేటి నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఫిల్టర్ చేయకుండా తాగవద్దు. మలవిసర్జనకు నీటికి, దారికి, గుడారాలకు దూరంగా ఆరంగుళాల గొయ్యి తవ్వి పూడ్చాలి, వాడిన టాయిలెట్ పేపర్‌ని మాత్రం సంచిలో వేసి వెనక్కి తేవాలి. గుడారం కూడా నీటికి కనీసం వంద అడుగుల దూరంలో ఉండాలి.

కొత్తగా వచ్చినవాళ్లు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. 2026 నుంచి యోసెమిటీతో సహా 11 పార్కుల్లో, అమెరికాలో నివసించని, పదహారేళ్లు నిండినవాళ్ల దగ్గర మామూలు ప్రవేశ రుసుముకు అదనంగా మనిషికి 100 డాలర్లు తీసుకుంటున్నారు. మీరు ఇక్కడే ఉంటున్నారని చూపడానికి మీ రాష్ట్రం ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్స్ జేబులో ఉంచుకోండి. ఇన్సూరెన్స్‌లో ఎయిర్ అంబులెన్స్ ఉందో లేదో బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి. పైన సిగ్నల్ ఉండదు. ఉపగ్రహం ద్వారా ఎస్.ఓ.ఎస్. పంపే ఫోన్‌గానీ పరికరంగానీ గుంపులో ఒక్కటైనా ఉండాలి. ఏ దారిలో వెళ్తున్నారు, ఎప్పటికి తిరిగొస్తారు, ఏ సమయం దాటితే పార్కుకు ఫోన్ చేయాలి అన్నది ఊళ్లో ఉండే స్నేహితుడికి రాసి ఇవ్వండి. ఇంటి దగ్గర అమ్మానాన్నలకు కూడా మూడు రోజులు ఫోన్ కలవదని ముందే చెప్పండి, లేకపోతే వాళ్లు పడే ఆందోళన అంతా ఇంతా కాదు.

పర్మిట్ ఉన్నవాళ్లు ముందు రాత్రి, తిరిగొచ్చిన రాత్రి పార్కులోని బ్యాక్‌ప్యాకర్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండొచ్చు. టువాలమీ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్ 8,600 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ముందు రాత్రి అక్కడ పడుకుంటే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. దిగిన రాత్రి కూడా వ్యాలీలోనే పడుకోండి. మూడు రోజులు నడిచిన కాళ్లతో, నిద్రమత్తులో, చీకట్లో ఆ ఘాట్ రోడ్డు మీద బే ఏరియాకి (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలకి) నాలుగైదు గంటలు డ్రైవ్ చేయవద్దు. మర్నాడు ఆఫీసుకు కూడా సెలవు పెట్టేయండి.