ముందు గడ్డి తెప్పించింది

చిరంజీవికి,

నీ ఉత్తరమూ, పుస్తకం మొదటి రెండు అధ్యాయాలూ అందాయి. రెండుసార్లు చదివాను. ఆవిలాపురి తెరేసమ్మ గారి గురించి, ఆమె స్పెయిన్‌లో ఊరూరా తిరిగి కట్టిన కార్మెల్ (కతోలిక సన్యాస సభ) మఠాల గురించి తెలుగులో ఒక మంచి పుస్తకం రావాలని నాకు ఎప్పటినుంచో ఉంది. అది నీ చేతి మీదుగా వస్తుంటే సంతోషంగా ఉంది. అందుకే మొహమాటం పెట్టుకోకుండా రాస్తున్నాను.

రెండో పేజీలో ఇలా రాశావు: "1562లో దైవసంకల్పం వల్ల ఆవిలాలో మఠం స్థాపించబడింది. అనతికాలంలోనే దినదినాభివృద్ధి చెందింది." ఈ రెండు వాక్యాలూ కొట్టెయ్. 'స్థాపించబడింది' అనేసరికి అక్కడ మనుషులు మాయమైపోయారు. ఇల్లు ఎవరు కొన్నారు, డబ్బు ఎక్కడిది, ఊళ్ళో ఎవరికి కోపం వచ్చింది, ఇవన్నీ ఆ ఒక్క 'బడింది' మింగేసింది.

ఆవిలానే చూడు. తెరేసమ్మ ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న పాత మఠంలో అప్పటికి సుమారు 180 మంది. కలవారి ఆడపిల్లలకు సొంత గదులు, లేనివాళ్ళకు అందరితో కలిసి ఒకే పడక హాలు. మఠంలో తిండి చాలక కొందరు సిస్టర్లు నెలల తరబడి బంధువుల ఇళ్ళకు వెళ్ళి ఉండేవాళ్ళు. వచ్చేపోయే చుట్టాలతో మాటలగది ఎప్పుడూ సందడి. ప్రార్థనకు నిశ్శబ్దం దొరికేది కాదు. ఆమెకు కావలసింది చిన్న ఇల్లు, పదమూడు మందికి మించని కుటుంబం. కట్నం తెచ్చిందా లేదా, ఏ వంశం అనే లెక్కలు లేకుండా అందరూ సమానంగా ఉండే చోటు. చెల్లెలూ మరిదీ తాము కాపురం ఉండటానికన్నట్టు ఇల్లు కొని, పని మొదలుపెట్టించారు. దక్షిణ అమెరికాలో ఉన్న తమ్ముడు పంపిన డబ్బు సమయానికి అందింది. 1562 ఆగస్టు 24న చిన్న గంట మోగించి, నలుగురు ఆడపిల్లలతో యేసును పెంచిన పునీత జోజప్ప గారి పేరున మఠం మొదలుపెట్టారు.

ఊరు భగ్గుమంది. దానధర్మాల మీద బతికే మఠం ఇంకొకటి వస్తే పోషించేది ఎవరని పెద్దలు సభ పెట్టారు. వ్యాజ్యం నడిచింది. ఆమెనేమో మఠం మొదలైన రోజునే పాత మఠానికి వెనక్కి పిలిపించారు. ఆ నలుగురూ కొత్త ఇంట్లో ఆమె లేకుండా నెలలు గడిపారు. ఆ ఇంట్లో ఆ నెలలు ఎలా ఉండి ఉంటాయో ఆలోచించు. నీ రెండు వాక్యాల్లో ఆ నలుగురూ లేరు.

ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఒక మఠం వాళ్ళు వజ్రోత్సవ సంచికకు తమ చరిత్ర రాయమన్నారు. త్యాగమూర్తులు, కరుణామయులు అంటూ ఇరవై పేజీలు నింపి, సిస్టర్లందరి ముందూ చదివి వినిపించాను. చివర్లో కూర్చున్న ఒక ముసలి సిస్టర్, నలభై ఏళ్ళు వంటిల్లు చూసిన ఆవిడ, నెమ్మదిగా అన్నారు: "బాగుందమ్మా. కానీ ఇందులో మేమెవరమూ అన్నం తినలేదు." తర్వాత నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి ఒక ఇత్తడి గుండిగ చూపించారు. అడుగున మాట్లు వేసి ఉంది. కరువు ఏడాది బడి పిల్లలకు అందులోనే గంజి కాచారట. మాటు మీద వేలు పెట్టి, "ఇది అప్పుడు కారింది" అన్నారు. ఆ రాత్రే ఇరవై పేజీలూ చించేసి, గుండిగతో మొదలుపెట్టాను.

తెరేసమ్మ గారు స్వయంగా గొప్ప రచయిత్రి. తను కట్టిన మఠాల కథ రాయమని 1573లో సలమాంకాలో ఆమె ఆత్మోపదేశకుడు ఆజ్ఞాపిస్తే, ప్రయాణాల మధ్య, జబ్బుల మధ్య ఏళ్ళ తరబడి రాసింది. వంటింటి కుండల మధ్య కూడా దేవుడు తిరుగుతూ ఉంటాడని ఆమె అన్నది అందులోనే. నువ్వు ఇంకేం చదివినా చదవకపోయినా ఆ పుస్తకం మాత్రం పక్కన పెట్టుకో.

అందులో రెండో మఠం కథ చూడు. 1567లో కార్మెల్ సభ పెద్ద రోమ్ నుంచి వచ్చి, ఆవిలా మఠం చూసి సంతోషించి, ఇలాంటివి ఇంకా పెట్టమని అనుమతి పత్రాలిచ్చాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. పత్రాలూ మంచి కోరికలూ తప్ప ఏమీ లేని సన్యాసినినని ఆమే రాసుకుంది. ఆగస్టులో, మరియమ్మ మోక్షారోపణ పండుగ ముందు రోజు అర్ధరాత్రి మెదీనా దెల్ కాంపో అనే ఊరు చేరారు. మర్నాటి పందెం కోసం ఎద్దుల్ని తోలుకొస్తున్న వీధుల్లో, పూజ సామగ్రి చేతుల్లో మోసుకుంటూ నడిచారు. తీరా చూస్తే ఇల్లు పాడుబడి ఉంది. తెల్లారేలోగా పూజ జరగాలి. సిస్టర్లు నేల ఊడ్చారు. గోడలకు తెరలు కట్టాలంటే మేకులు లేవు, ఆ వేళప్పుడు కొనడానికి అంగడీ లేదు. పాత గోడల్లో ఉన్న మేకులే వెతికి పీక్కున్నారు. పొద్దున్నే దివ్యబలిపూజ అయింది. బాగా వెలుగు వచ్చాక చూస్తే కొన్నిచోట్ల గోడలు పూర్తిగా కూలి ఉన్నాయి. క్రీస్తు శరీరంగా ఆరాధించే అప్పం, ఆ దివ్యసత్ప్రసాదం, దాదాపు వీధిలో ఉన్నట్టే. కాపలాకు మనుషుల్ని పెట్టినా వాళ్ళు నిద్రపోతారేమోనని టెన్షన్. రాత్రి లేచి, కిటికీలోంచి వెన్నెల్లో తనే చూసుకుంటూ ఉండేది. ఆ భయాన్ని ఆమె దాచుకోలేదు, నువ్వూ దాచకు.

తొలేదోలో 1569లో మూడో నాలుగో దుకాత్‌ల డబ్బు మిగిలితే రెండు పటాలు, రెండు గడ్డిపరుపులు, ఒక దుప్పటి కొంది. పెద్దవాళ్ళెవరికీ దొరకని ఇల్లు ఒక పేద విద్యార్థి చటుక్కున వెతికిపెట్టాడు. 1570లో సలమాంకాలో విద్యార్థులు ఖాళీ చేసిన పెద్ద ఇంట్లో సకల పునీతుల పండుగ రాత్రి ఆమె, ఇంకొక ముసలి సిస్టర్, ఇద్దరే. మఠం పెట్టేటప్పుడు తను ముందుగా సమకూర్చుకునేది గడ్డి అని, అది ఉంటే పడక ఉన్నట్టేనని రాసింది. ఆ గడ్డి మీద పడుకున్నారు. మృతుల కోసం ఊరంతా గంటలు మోగుతున్నాయి. విద్యార్థి ఎవడైనా ఇంట్లో దాక్కున్నాడేమోనని తోటి సిస్టర్‌కు భయం. "మదర్, నేనిప్పుడు ఇక్కడే చచ్చిపోతే మీరొక్కరే ఏం చేస్తారు?" అంది. అది జరిగినప్పుడు ఆలోచిస్తాను, ఇప్పుడు నిద్రపోనివ్వమంది తెరేసమ్మ. ఈ ఒక్క రాత్రికి పది పేజీలిచ్చినా నేను వద్దనను.

ఇక అభివృద్ధి సంగతి. నీ రెండో అధ్యాయం చివర మఠాల పట్టిక ఇచ్చావు. అది తీసెయ్. ఈ సభ పెరిగిన తీరే వేరు. ఒక ఇల్లు నిండితే దాన్ని పెద్దది చేయకుండా ఇంకో ఊళ్ళో ఇంకో చిన్న ఇల్లు తెరిచింది ఆమె. పదమూడు అన్న సంఖ్యను తర్వాత కొంత పెంచినా, ఒకరినొకరు ఎరిగి ఉండేంత చిన్న ఇల్లు అన్న మాట విడవలేదు. 1582లో ఆమె చనిపోయేనాటికి 17 మఠాలు. నా ఉద్దేశంలో నీ పుస్తకానికి వెన్నెముక ఇదే. ఇంతకన్నా మంది పెరిగితే ప్రార్థన పోతుందని భయపడిన మనిషి చేతిలోనే ఇన్ని మఠాలు పుట్టాయి. ఇది పాఠకుడికి నువ్వు చెప్పనక్కర్లేదు, ఇళ్ళు ఒక్కొక్కటీ చూపిస్తూ పో.

పాడైన కథ కూడా రాయి. పాస్త్రానాలో ఎబోలి రాకుమారి మఠం పెట్టించింది. 1573లో భర్త పోగానే తనే సన్యాసిని వేషంలో వచ్చి, అక్కడ కూడా అందరూ తనకు దాసీల్లా ఉండాలంది. 1574లో తెరేసమ్మ తన సిస్టర్లని రాత్రికి రాత్రి బండ్లెక్కించి సెగోవియాకు తెప్పించుకుంది. మూతపడ్డ మఠం గురించి రాస్తే పునీతురాలికి చిన్నతనం అని నువ్వు అనుకున్నట్టున్నావు. అక్కడే కదా ఆమె దేన్ని వదులుకోదో తెలిసేది.

ఆమె తర్వాతి విస్తరణకు ఒక్క అధ్యాయం చాలు. ఆమె దగ్గర పెరిగిన ఆన్న అనే సిస్టర్ 1604లో ఫ్రాన్స్‌కు వెళ్ళింది. ఆ ఫ్రాన్స్‌లోనే, లిసియూలో, 1888లో తెరేస్ అనే పదిహేనేళ్ళ పిల్ల కార్మెల్‌లో చేరి 24 ఏళ్ళకే కన్నుమూసింది. కలకత్తా మదర్ పేరు పెట్టుకున్నది ఆ చిన్న తెరేసమ్మ పేరే. మీ అమ్మమ్మ పేరు కూడా తెరేసమ్మే అన్నావు కదా. ఆ పేరు ఆవిడకు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగి రాసుకో.

మొదటి అధ్యాయం ఇప్పుడే తిరగరాయకు. ముందు మెదీనా రాత్రి రాసి పంపు. చీకట్లో గోడ తడుముతూ మేకు కోసం వెతికే చెయ్యి నాకు కనిపించాలి. పండుగకు ముందే పంపితే నింపాదిగా చదువుతాను. కళ్ళు అంత బాగాలేవు, అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి.

ఆశీస్సులతో,
మీ అత్త