సాస్‌లో పత్తి సీజన్ లెక్క

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన పత్తి వివరాలను సాస్ (SAS) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషిస్తున్నాను. జనవరి 31కీ ఫిబ్రవరి 1కీ తేడా ఎన్ని నెలలని అడిగితే, తేదీల మధ్య వ్యవధిని లెక్కించే ఇంట్‌సీకే (INTCK) ఫంక్షన్ ఒక నెల అంటోంది. సీజన్ మొత్తాలూ కుదరడం లేదు.
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఇంట్‌సీకే మామూలుగా గడిచిన రోజులను చూడదు, దాటిన హద్దులను లెక్కపెడుతుంది. ఒకటో తేదీ వస్తే చాలు, నెల పడ్డట్టే. నిండిన నెలలే కావాలంటే చివర నాలుగో విలువగా కోట్స్‌లో 'సి' (C) ఇవ్వండి, సున్నా వస్తుంది.

పత్తి సీజన్ అక్టోబర్ నుంచి సెప్టెంబర్ దాకా కదా, వ్యవధి పేరుగా 'ఇయర్' (YEAR) బదులు 'ఇయర్.10' (YEAR.10), అంటే పదో నెలతో మొదలయ్యే ఏడాది అని రాయాలి. తేదీని ముందుకో వెనక్కో జరిపే ఇంట్‌ఎన్‌ఎక్స్ (INTNX) ఫంక్షన్‌కు దీన్నీ, తేదీనీ, 0నీ ఇస్తే ఆ సీజన్ మొదలైన అక్టోబర్ 1 వస్తుంది. దాని మీదే గ్రూప్ చేయండి. తేదీ ఫార్మాట్ పెట్టకపోతే 1960 జనవరి 1 నుంచి లెక్కించిన రోజుల సంఖ్య కనిపిస్తుంది, కంగారు పడకండి. వారాల లెక్క కావాలంటే, 'వీక్' (WEEK) ఆదివారంతో మొదలవుతుంది. సోమవారం కావాలంటే 'వీక్.2'.