సర్జరీ వార్డు నర్సులు పరిశోధన చెప్పినట్టు ఎందుకు చేయలేకపోతున్నారు?
ఆపరేషన్‌కు రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు ఇవ్వొచ్చని పరిశోధనలు చెబుతున్నా, రాత్రి 12 నుంచే ఎందుకు ఆపేస్తారు అన్నది ప్రశ్న.

చాలాసార్లు తెలియక కాదు. ముందే తేదీ ఖాయమైన ఆపరేషన్లకు, ఇతర జబ్బుల్లేని రోగుల విషయంలో అమెరికా మత్తు వైద్యుల సంఘం 1999లోనే ఈ మాట చెప్పింది. చిక్కంతా అధికారం దగ్గరే. కేసు షీటులో డాక్టరు 'ఎన్‌బీఎం' (నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దు) అని రాశాక, పొద్దున ఆరింటికి గ్లాసుడు నీళ్లిచ్చే ధైర్యం ఏ స్టాఫ్ నర్సు చేస్తుంది? పైగా ఆపరేషన్ థియేటర్ లిస్టు ఎప్పుడు తారుమారవుతుందో తెలీదు. పదకొండింటి కేసును తొమ్మిదింటికే పిలిస్తే, రోగి అప్పుడే నీళ్లు తాగి ఉంటే ఆపరేషన్ వాయిదా, చీవాట్లు మాత్రం నర్సుకు. అందుకే అందరికీ కలిపి అర్ధరాత్రి అనేస్తారు.

పరిశోధనలను వార్డులో అమలు చేయడానికి అడ్డేమిటని 1991లో ఫంక్ అనే పరిశోధకురాలి బృందం అమెరికా నర్సులను అడిగినప్పుడూ మొదటి వరసలో వచ్చిన అడ్డంకి ఇదే: పద్ధతి మార్చే అధికారం తమకు లేదని. టైము లేకపోవడం సరేసరి. వార్డు నిండా రోగులుంటే, గణాంకాలతో నిండిన ఇంగ్లిషు వ్యాసాలు చదివేదెప్పుడు?

నన్నడిగితే ట్రైనింగ్ క్లాసుల కన్నా మత్తు డాక్టరు సంతకం పెట్టిన వార్డు ప్రోటోకాల్ (ఏం చేయాలో రాసిపెట్టిన పద్ధతి) ఎక్కువ పనిచేస్తుంది. లిస్టు మారితే థియేటర్ నుంచి వార్డుకు ఫోన్ చేయాలని కూడా అందులో రాసి ఉండాలి.