సీటు వాల్చేముందు ఒకసారి వెనక్కి చూడరా, అల్లుడూ

సోంపేట,
ఆదివారం రాత్రి.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మని సింగపూర్ తీసుకెళ్తున్నావని నిన్న బజార్లో మీ పెదనాన్న చెబితే తెలిసింది. అది నువ్వు నాకు స్వయంగా చెప్పాల్సిన మాట. సరే, ఆ కోపం ఎదురుపడ్డప్పుడు చూసుకుందాం. ఇంటికొచ్చి మీ అత్తతో అంటుంటే నాకు గొంతు పూడుకుపోయింది. పలాసలో జీడిపిక్కలు కొట్టిన చేతులురా అవి. ఎంత బూడిద రాసుకున్నా జీడినూనె ఆ వేళ్లని కాల్చేసేది. 2018లో తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరిచెట్లు వరసకు వరస పడిపోతే, నీ పాలిటెక్నిక్ చదువు ఆగకూడదని మళ్లీ ఆ ఫ్యాక్టరీలో పీట వేసుకు కూర్చుంది. ఆ చేతుల్లో ఇప్పుడు పాస్‌పోర్టు. నా చెల్లెలు విమానం ఎక్కుతుందంటే, నేను మొదటిసారి ఎక్కినప్పుడు కూడా ఇంత సంబరపడలేదు.

కానీ రాత్రి పడుకుంటే నిద్ర రాలేదు. ఆమె మోకాళ్లు గుర్తొచ్చాయి. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "అలాగే మావయ్యా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే మళ్లీ చదువుతావని ఆశ.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. విశాఖకి మూడు గంటల ముందే చేరండి. వీల్‌చైరు కావాలని ఇప్పుడే రాయించు, మొహమాటపడకు. ఆవకాయ చెకిన్ పెట్టెలో పెట్టు. ఎండు కొబ్బరి మాత్రం ఏ పెట్టెలోనూ వద్దు. అందులో నూనె ఉంటుంది, వేడికి దానంతటదే రాజుకుంటుందని విమానాల్లో ఒప్పుకోరు. ఉద్దానం మనిషి కొబ్బరి లేకుండా ఊరు దాటదు కాబట్టి మీ అమ్మ చీరల మడతల్లో దాచినా దాస్తుంది. పెట్టె సర్దాక నువ్వొకసారి విప్పి చూడు.

ఇక అసలు సంగతి. సీటు.

నేను గల్ఫ్‌లో పైప్ ఫిట్టర్‌గా ఉన్న రోజుల మాట. 1999లో రెండేళ్ల కాంట్రాక్టు ముగించుకుని మస్కట్ నుంచి బొంబాయి వస్తున్నాను. రాత్రి విమానం, మూడు గంటల లోపు ప్రయాణం. ముందు రోజు దాకా డ్యూటీ చేసి ఒళ్లు పులిసిపోయి ఉంది. విమానం పైకి లేచి బెల్టు లైటు ఆరగానే, చేతి కింద ఉన్న మీట నొక్కి, వీపుతో ఒక్క తోపు తోసి వెనక్కి వాలిపోయాను. వెనక ఎవరున్నారో చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు. టికెట్టు కొన్నాను, సీటు నాది, మీట నాది.

వాలిన కాసేపటికి వీపులో ఏదో గుచ్చుకుంది. మోకాలని తెలుస్తూనే ఉంది. కాస్త సర్దుకుని పడుకున్నాను. మళ్లీ గుచ్చుకుంది. మూడోసారి నాకు ఒళ్లు మండింది. కావాలని తంతున్నాడనుకుని, తల తిప్పకుండానే హిందీలో ఒక మాట విసిరాను. ఆ మాట ఇక్కడ రాయను. విసిరి, సీటుని ఇంకా గట్టిగా వెనక్కి అదిమాను. ఆ తర్వాత వెనక నుంచి కదలిక లేదు, మాట లేదు. గెలిచానని దుప్పటి కప్పుకుని నిద్రపోయాను.

బొంబాయిలో దిగాక లైట్లు వేశారు. అందరూ లేచి పైనున్న సంచులు లాగుతున్నారు. ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో చూద్దామని కోపంగానే వెనక్కి తిరిగాను. నడివయసు మనిషి. కుడి మోకాలికి ఇంత లావు కట్టు. స్కాఫోల్డింగ్ మీంచి పడితే ఆపరేషన్ చేసి, కాలు పూర్తిగా మడవడం రాకుండానే ఇంటికి పంపేశారట. నోట్లో తువ్వాలు కుక్కుకుని ఉన్నాడు. అరవకుండా ఉండటానికి పంటికింద బిగించాడు. నన్ను చూసి తువ్వాలు తీసి, "బొంబాయొచ్చీసిందా బావూ?" అన్నాడు.

మన భాష, అల్లుడూ. మన జిల్లా మాట. నాకు కాళ్లలో సత్తువ పోయింది.

నరసన్నపేట వైపు పల్లెటూరి మనిషి. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. ముందున్నవాడిది తెలుగని తెలిసుంటే నోరు విప్పి అడిగేవాడేమో. నేను హిందీలో కసిరేసరికి ఆ దారి కూడా మూసుకుపోయింది. అతని సంచి నేను మోశాను. భుజం పట్టించి వి.టి. స్టేషన్‌కి తీసుకెళ్లి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను. టీటీఈని బతిమాలి కింది బెర్తు ఇప్పించి కాలు చాపించాను. దారి పొడుగునా మంచినీళ్లు, టీ, ఇడ్లీ అన్నీ నేనే తెచ్చాను. మర్నాడు రాత్రి ఆమదాలవలసలో దిగేదాకా అతని పక్కనే ఉన్నాను. ఆ సీటు వాల్చింది నేనని అతనికి తెలుసు, నాకూ తెలుసు. క్షమించమనే మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది, ఎన్నిసార్లో. విజయనగరం దాటాక ఇక చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను. ఈలోగా అతనే సంచిలో చెయ్యి పెట్టి చిన్న టైగర్ బామ్ సీసా తీశాడు. "మీకు ఎన్ను నెప్పి గావాల బావూ. అందికే అలగ జారబడిపోనారు. ఇది రాసుకోండి" అని నా చేతిలో పెట్టాడు.

మూడు గంటలు నొప్పి భరిస్తూ నా తరఫున అతనే ఒక కారణం వెతికిపెట్టుకున్నాడు. స్టేషన్లో అతని కొడుకు వచ్చి ఎత్తుకున్నట్టుగా దింపుకున్నాడు. నేను క్షమాపణ చెప్పలేదు. రైలు కదిలిపోయింది.

దీన్నింతసేపు ఎందుకు రాశానంటే, మీ అమ్మ కూడా అడగదు. నీకు తెలుసు కదా. పీట మీద కూర్చుని కూర్చుని అరిగిపోయిన మోకాళ్లు, అయినా ఇంట్లో ఎవరికీ "నొప్పి" అని చెప్పదు. ముందువాడు సీటు వాల్చి ఆమె మోకాళ్ల మీద పెట్టినా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సింగపూర్ దాకా కూర్చుంటుంది. నువ్వు పక్కనే ఉండి సినిమా చూసుకుంటూ ఉంటావు. నా భయం అదీ.

సీటు ఎంచుకోవడం దగ్గరే జాగ్రత్తపడు. ఇటు మూడు అటు మూడు సీట్లుండే విమానమైతే సి సీటు ఆమెకి ఇయ్యి. ఆమెకి కుడి మోకాలే ఎక్కువ బాధ. సి లో కూర్చుంటే నడవా కుడి పక్కన వస్తుంది, అప్పుడప్పుడు కాలు చాపుకోవచ్చు. ట్రాలీ వచ్చేటప్పుడు మాత్రం నువ్వు చూసి కాలు లోపలికి తీయించు. కాళ్ల దగ్గర ఖాళీ ఎక్కువని ఎమర్జెన్సీ తలుపు పక్క వరస అడగకు. అక్కడ తలుపు తీయగల ఒంట్లో సత్తువున్నవాళ్లనే కూర్చోబెడతారు. చిట్టచివరి వరస వద్దు, అక్కడ సీటు సాధారణంగా వాలదు. మొట్టమొదటి వరసకి డబ్బు ఎక్కువ అడిగినా పెట్టు. ముందు సీటే ఉండదు కాబట్టి ఆమె మీదికి వాలేవాడే ఉండడు. తక్కువైతే నేను పంపిస్తాను.

ఈ రోజుల్లో చవక టికెట్ల విమానాల్లో ఒక సీటుకీ ఇంకో సీటుకీ మధ్య దూరం 28 నుంచి 31 అంగుళాలు. సీటు మందం, మనిషి తొడలు అందులోనే. వాల్చితే వెనక్కి వచ్చేది రెండు మూడు అంగుళాలే. నీ వీపుకి అది పెద్ద సుఖమేమీ కాదు, వెనకవాడి మోకాలికి మాత్రం అదే ప్రపంచం.

అలాగని వాల్చడం తప్పనను. మీటంటూ పెట్టింది అందుకే. రాత్రి పూట నాలుగు గంటలు నిటారుగా కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. విశాఖ నుంచి హైదరాబాద్‌కి గంట ప్రయాణంలో వాల్చడం మాత్రం నాకు నచ్చదు, బస్సులో అంతకంటే ఎక్కువసేపు నిలబడి వెళ్లినవాళ్లం. వాల్చేముందు మెడ తిప్పి చూడు. వెనక పసిబిడ్డ ఒళ్లో ఉందా, గర్భిణీ ఉందా, పొడుగాటి మనిషి ఉన్నాడా, బల్ల మీద వేడి టీ ఉందా, లాప్‌టాప్ తెరిచి ఉందా. లాప్‌టాప్ మూత పై అంచు నీ సీటు కింద ఇరుక్కుంటే తెర పగిలిపోతుంది. చూశాక "కొంచెం వాల్చుకోవచ్చా?" అని అడుగు. అప్పుడు మీట నొక్కిపట్టి మెల్లగా, ధాన్యం బస్తా దించినంత మెల్లగా వాలు. సగం చాలు. భోజనాలు వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే నిలబెట్టెయ్యి. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ నిలబెట్టమంటారు, అది మర్యాద కోసం కాదు. ఏదైనా జరిగితే సగం తలుపులతోనే అందరూ 90 సెకన్లలో బయటపడేలా ఉండాలని విమానాన్ని పరీక్షించి మరీ ఒప్పుకుంటారు. వాలిన సీటు లోపల వరసలో వాళ్లకి దారి మూసేస్తుంది. అప్పుడు ఎయిర్‌హోస్టెస్ రెండోసారి అడిగేదాకా ఉండకు.

రైల్లో మనకి ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. మధ్య బెర్తు పైకెత్తి తగిలించేముందు కింద కూర్చున్నవాళ్లని "పడుకుంటారా అండీ" అని అడుగుతాం. ఎదురెదురుగా కూర్చుంటాం కాబట్టి పలాస దాటేలోగా ఊరూ పేరూ తెలిసిపోతాయి. విమానంలో అందరం ఒకరి వీపు ఒకరం చూస్తూ కూర్చుంటాం. నేను ఆ రాత్రి తప్పు చేసింది అక్కడే. వెనకవాడికి ముఖం ఉందని మరిచిపోయాను.

మీ అమ్మకి ఒక్క సంగతి నేర్పు. లేచేటప్పుడు ముందు సీటు తలగడ పట్టుకుని లాగకూడదు. మోకాళ్లు బాగోనివాళ్లందరూ అలాగే లేస్తారు. ముందు కూర్చున్నవాళ్ల తల ఒక్కసారిగా వెనక్కి పోతుంది, ఆడవాళ్లయితే జుట్టు లాగినట్టవుతుంది. చేతి కమ్మీల మీద రెండు చేతులూ ఆనించి లెమ్మను, నువ్వు మోచెయ్యి పట్టుకో. గంటకోసారి నువ్వే లేపి నడవాలో నాలుగడుగులు వేయించు, నీళ్లు తాగించు.

ఇక నీ గురించి. నీకు ముక్కు మీద కోపం. టెక్కలి బస్సులో కిటికీ సీటు కోసం కాలరు పట్టుకున్న రోజు నేను మరిచిపోలేదు. అమ్మ మీదికి ఎవడైనా సీటు వాల్చితే నీ రక్తం ఎలా పొంగుతుందో నాకు తెలుసు. నీ చెయ్యి ఆ సీటు మీద పడకూడదు. మోకాలితో నెట్టకూడదు, వెనక నుంచి గుద్దకూడదు. 2014 ఆగస్టులో అమెరికాలో న్యూవార్క్ నుంచి డెన్వర్ వెళ్లే విమానంలో ఒకాయన ముందు సీటు వాలకుండా ప్లాస్టిక్ బిళ్లలు బిగించాడు. ముందున్నామె ఆయన మీద నీళ్లు పోసింది. విమానాన్ని షికాగోలో దింపి ఇద్దర్నీ దించేశారు. మన దేశంలో కూడా 2017 నుంచి గొడవ చేసేవాళ్లని విమానం ఎక్కనివ్వకుండా జాబితాలో పెడుతున్నారు. నోరు జారితే 3 నెలల దాకా, చెయ్యి చేసుకుంటే 6 నెలల దాకా. నీ ఉద్యోగం సముద్రం అవతల ఉంది. ఆ రెండు అంగుళాల కోసం దాన్ని పణం పెడతావా?

లేచి నిలబడి, ముందుకి వంగి, ముఖం చూపించి చెప్పు. "మా అమ్మకి మోకాళ్లు నొప్పి, కొంచెం సీటు పైకి తీస్తారా?" ఇంగ్లీషులో చెప్పు, హిందీలో చెప్పు, కానీ నవ్వుతూ చెప్పు. ముఖం చూశాక చాలామంది వింటారు, నేను ఇన్నేళ్లలో చూశాను. వినకపోతే పైనున్న మీట నొక్కి సిబ్బందిని పిలువు. వేరే సీటు ఖాళీ ఉంటే ఇస్తారు. లేకపోతే నీ సీటూ ఆమె సీటూ మార్చుకో. ఎవరి మోకాళ్లయినా నలగాల్సి వస్తే నీవే నలగనీ, నీకింకా వయసుంది.

ప్రయాణం ముందురోజు మీ అత్త జంతికలు పట్టుకుని వస్తుంది. నేనూ వస్తాను, విశాఖ దాకా బస్సులో మీతోనే. ఆ పుష్‌బ్యాక్ సీట్లో మీ అమ్మకి వాలడం, లేవడం రెండూ నేనే నేర్పిస్తాను. ఆమెకి అన్న చెబితే సిగ్గుండదు. ఈ ఉత్తరం మాత్రం ఆమె కంటపడనీకు. మోకాళ్ల గురించి ఇంత రాశానని తెలిస్తే నాతో రెండ్రోజులు మాట్లాడదు.

వచ్చేటప్పుడు నాకు చొక్కాలూ సెంట్లూ తేవద్దు. టైగర్ బామ్ అక్కడిదే కదా. చిన్న సీసా ఒకటి తే.

ఆశీస్సులతో,
మీ మావయ్య